తాడు సాగిండాది

ఈ లోకంలో బాలప్పకు గిట్టనిది ఒక్కటే: ముడి. ఎక్కడైనా తాడుకు ముడి కంటబడితే ఆయన నడక ఆగిపోతుంది. దగ్గరికి పోతాడు. తాడును బొటనవేలితో నొక్కి, నాడి చూసే వైద్యుడి మాదిరి కళ్ళు మూసుకుంటాడు. కాసేపు గాలి కూడా ఆగినట్టు ఉంటుంది. తర్వాత ఆ మాట అంటాడు.

“సాగిండాది.”

అంతే. ఇక ఆ తాడు ఎవరిదైనా సరే, మూడు గంటలసేపు బాలప్పదే. ముడి విప్పుతాడు. సాగిన మేరకు కోసేస్తాడు. రెండు కొసల్లోని పేటలూ విడదీసి, జేబులోంచి జానెడు చింతకొయ్య మేకు తీసి, ఈ పేటల్లోకి ఆ పేటలు అల్లడం మొదలుపెడతాడు. పని అయ్యాక కళ్ళు మూసుకుని తాడు మీద చెయ్యి జరిపితే అతుకు ఎక్కడుందో వేలికి తెలియదు. పుట్టడమే అట్లా పుట్టిందనిపిస్తుంది. లారీ మోకైనా మూడు గంటలే, నిక్కరు నాడా అయినా మూడు గంటలే. తొందరపెట్టి గెలిచినవాళ్ళు ధర్మవరంలో లేరు.

అందుకే వీధిలో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే ఆడవాళ్ళు దండెం మీద తడి చీరను ముడి కప్పేలా జరుపుతారు. ఒక్కోసారి జరపడం మరిచిపోతారు.

పక్కింటి వెంకటక్క ఒకరోజు అట్లాగే మరిచిపోయింది. బకీటుతో బయటికి వచ్చేసరికి దండెం నేల మీద ఉంది, బాలప్ప దాని పక్కన ఉన్నాడు.

“ఏమి మామా ఇది?”

“సాగిండాది.”

“సాగితే సాగనీ! బట్టలు ఆరేసుకునేకే గదా. ఇంజనుకు కట్టేదా ఏంది?”

“ముడి కాడ బరువు పడితే తాడు ప్రాణం ఆడే పోతాది.”

“నా ప్రాణం పోతాండాది ఈడ! బకీటు నిండా తడిబట్టలుండాయి. ఇప్పుడు నేనేం చెయ్యాల?”

“కూర్చో.”

వెంకటక్క అరుగు మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. తిట్లు బాగున్నాయని ఎదురింటామె వచ్చి కూర్చుంది. ఆమె వెనకాల ఆమె తోడికోడలు ఉడకబెట్టిన చెనక్కాయల గిన్నెతో వచ్చింది. సాయంత్రానికి తాడు అతుక్కుంది, ఎండ పోయింది, బట్టలు కంపు కొట్టాయి. మర్నాడు మళ్ళీ ఉతుకుతూ వెంకటక్క వీధివీధంతా వినబడేలా ఆ కథ చెప్పింది. చెబుతూ నవ్వింది గూడా.

ఇంకోసారి ఎవరో మొక్కుబడికి తెచ్చి గుంజకు కట్టేసిన మేకపోతు తాడు సాగింది. మూడు గంటల్లో బాలప్ప తాడును అద్భుతంగా అతికాడు. అప్పటికి మేకపోతు బుక్కపట్నం చెరువు దాటిందని చెప్పుకున్నారు. వెతకడానికి పోయినవాళ్ళు చెరువు నీళ్ళు చూస్తూ కూర్చుండిపోయారని, మేకపోతు దొరకలేదని కూడా చెప్పుకున్నారు.

పెండ్లిళ్ళకు పోతాడు గాని, మూడు ముళ్ళు వేసే సమయానికి లేచి వంటల దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడతాడు. తన పెండ్లిలో వేరే దారి లేకపోయింది. ఆయన భార్య సావిత్రమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ముచ్చట చెప్పేది: “నాకు తాళి కట్టేటప్పుడు మీ నాయన మొగం ఆముదం తాగినట్ల ఉన్నె. కట్టినంక గూడా ముళ్ళకల్లే చూస్తాండె. ఈడే సాగిండాదంటాడేమోనని నాకు గుండె దడ.”

ఈ ముచ్చట విన్నదీ, వీధిలో ఫిర్యాదులన్నీ వినేదీ హేమావతి. బాలప్పకు ఆమె ఒక్కతే కూతురు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట సావిత్రమ్మ పోయాక తండ్రిని హిందూపురం నుంచి తన దగ్గరికి తెచ్చుకుంది. తండ్రితో పాటు ఒక తాడు కూడా వచ్చింది. దాని సంగతి తర్వాత.

హేమావతి పెండ్లి సంబంధం కుదిరిందీ అతుకు మీదే. ముప్పై ఏళ్ళ కిందట బాలప్ప పిల్లవాణ్ణి చూడడానికని ధర్మవరం వచ్చాడు. ఆ ఇంట్లో ఒక ముసలామె అచ్చు అతుకుతోంది. అయిపోయిన చీర పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే పురిపెట్టి కలుపుతోంది. వేల పోగులు. ఒక్క ముడి లేదు. బాలప్ప ఆమె ముందు గొంతుక్కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాడు. లేచి, “సంబంధం నాకు నచ్చిండాది,” అన్నాడు.

“పిల్లోడు ఇంకా రాలేదు గదప్పా,” అన్నారు వాళ్ళు.

“వస్తాడులే,” అన్నాడు.

పిల్లవాడు వచ్చాడు, మంచివాడే. కానీ ఆ మధ్యాహ్నం సంగతి తలుచుకుంటే హేమావతికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన శ్రావణంలో ఇంకా మండింది. పెండ్లివాళ్ళ చీర మగ్గం మీద ఉంది, రెండు రోజుల్లో ఇవ్వాలి. తెల్లవారి మగ్గం ముందు కూర్చున్న హేమావతి మధ్యాహ్నం దాకా లేవలేదు. మగ్గం కింద కాళ్ళతో తొక్కే చెక్కల తాడు దగ్గర బాలప్ప వంగి ఉండడం ఆమె చూసేసరికే ఆలస్యమైంది.

“నాయనా, వొద్దు!”

“సాగిండాది.”

“పెండ్లి చీర నాయనా! వాళ్ళకేం చెప్పాల? నేనేం చెయ్యాల ఇప్పుడు?”

“కూర్చో.”

కూర్చోలేదు. కోపంతో చాప మీద పడుకుని గోడవైపు తిరిగింది. లేచేసరికి ఎండ వాలింది, తాడు అతుక్కుంది, తండ్రి అటు తిరిగి బీడీ కాలుస్తున్నాడు. చీర ఒకరోజు ఆలస్యమైంది. వారం రోజులు ఆమె తండ్రితో మాట్లాడలేదు.

అయినా గట్టిగా ఒక మాట అనలేదు. ఎందుకంటే పొద్దున పదకొండు గంటలకు ఆయన మొగం ఆమెకు తెలుసు. ఏ పనిలో ఉన్నా సరిగ్గా ఆ వేళకు బాలప్ప తల ఎత్తుతాడు. చెవి ఒక పక్కకు వంచి వింటాడు. వీధిలో మరమగ్గాలు టకటకలాడుతుంటాయి, ఆటో పోతుంది, ఎవరింట్లోనో కుక్కర్ కూస్తుంది. ఇవేవీ ఆయన వినేవి కావు. వినాలనుకున్నదేదో వినిపించక, కాసేపటికి మళ్ళీ తల దించుకుంటాడు. ఇంజను చప్పుడు కోసం అనుకునేది హేమావతి.

ఆ ఇంజను హిందూపురంలో ఒక పాత నూలుమిల్లులో ఉండేది. అరవై ఐదులో, పదిహేడేళ్ళ వయసులో బాలప్ప అక్కడ తాళ్ళ పనికి చేరాడు. ఆవిరి ఇంజను తిప్పే పెద్ద చక్రం, ఇద్దరు మనుషుల ఎత్తు. దాని అంచున ఆరు గాడులు, ఆరు గాడుల్లో మణికట్టు లావు నూలు తాళ్ళు ఆరు. గోడ సందులోంచి అవి షెడ్డుల్లోకి పోయి ఇరుసులను తిప్పి, తిరిగి చక్రం దగ్గరికి వచ్చేవి. నూలు వడికే యంత్రాలన్నిటికీ ఊపిరి ఆ తాళ్ళే. వానాకాలం బిగిసేవి, ఎండాకాలం సాగేవి. సాగిన తాడు జారుతుంది, దాన్ని కురచ చేసి మళ్ళీ అతకాలి. ముడి వేస్తే గాడిలోకి వచ్చినప్పుడల్లా ఎగిరిపడుతుంది, పైన ఇరుసు అదురుతుంది. ఆ అతుకు వేసే మనిషే తాళ్ళ బాలప్ప.

హేమావతి ఆ ఇంజనును తెలివొచ్చాక ఒక్కసారే చూసింది, తొమ్మిదేళ్ళప్పుడు, కిటికీ ఊచల్లోంచి. పరుగెత్తే తాడు పరుగెత్తుతున్నట్టు కనిపించలేదు. నిలబడి సన్నగా వణుకుతున్నట్టు కనిపించింది, దూరాన కురిసే వాన మాదిరి. ఆ తాళ్ళ విసురుకి కిటికీలోంచి చల్లటి గాలి వచ్చేది. ఆ గాలి తగిలే చోట వరండాలో చీర ఉయ్యాలలు వరసగా కట్టి ఉండేవి. పైన నూలు వడికే రింగు ఫ్రేముల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ చంటిపిల్లలు వాటిలో నిద్రపోయేవాళ్ళు. సావిత్రమ్మ కూడా ఆ షెడ్డులోనే పనిచేసేది. “నువ్వు పండుకున్నది గూడా ఈడే,” అని చూపించింది ఆ రోజు.

ఆ మరుసటేడే మోటార్లు వచ్చాయి. ఇంజను చల్లారింది. తాళ్ళు ముక్కలై బండ్ల మీద పోతుంటే బాలప్ప మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఒకటి తెచ్చుకున్నాడు. అది కొండచిలువ మాదిరి మంచం కింద చుట్ట చుట్టుకుని నలభై ఏళ్ళు పడుకుంది. ఏటా ఎండబెట్టేవాడు, గ్రీజు పట్టించేవాడు. “మనింట్లో నాకు సవతి,” అనేది సావిత్రమ్మ. అనేదే గాని, ఎలుకలు రాకుండా వేపాకు పెట్టేది ఆమే.

ఈ ఏడు మాఘంలో హిందూపురం నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అశోక్ అనే ఇంజనీరు. మిల్లు స్థలం ప్లాట్లకు అమ్ముడుపోయిందట. ఇంజనును విప్పి, ముక్కలుగా లారీల కెక్కించి, ఎక్కడో దూరాన ఒక మ్యూజియానికి పంపుతున్నారట. పంపే ముందురోజు, పాత పనివాళ్ళ కోసం ఒక్కసారి తిప్పి చూపించాలని అతని కోరిక.

“బాయిలరు పాడైంది తాతా, ఆవిరి రాదు. బోర్లు కడిగే కంప్రెసరు తెప్పిస్తాను. గాలితో తిప్పుదాం.”

“గాలితోనా? అదేమన్నా గాలిపటమా అప్పా?”

“మెల్లగా తిరుగుతుంది తాతా. కానీ తాడు లేదు. నైలాను తాడు కొనమంటారా?”

బాలప్ప ఫోను హేమావతికి ఇచ్చేసి, మంచం కిందికి దూరాడు.

చెప్పిన రోజు తెల్లారి ఐదు గంటలకు ఉమేష్ అనే కుర్ర డ్రైవరు గూడ్సు వ్యానులో ఆ కొండచిలువ తాడును ఎక్కించి, పైన టార్పాలిన్ కప్పి, ప్లాస్టిక్ తాడుతో ముడి వేశాడు. బాలప్ప ఆ ముడిని చూశాడు. హేమావతి బాలప్పను చూసింది. “నాయనా, పదకొండుకు ముందే ఆడుండాల. ఈ పొద్దు మాత్రం వొద్దు,” అంది. ఆయన బుద్ధిగా ఎక్కి కూర్చున్నాడు.

పెనుకొండ దాకా బాగానే సాగింది ప్రయాణం. కొండ కింద టీకొట్టు దగ్గర ఆపారు. ఉమేష్ ముందురోజు బెంగళూరు లోడు దించి నేరుగా వచ్చాడట. మొగం కడుక్కుని, గ్లాసు పట్టుకుని, మంచు కప్పిన కోట వైపు చూస్తూ నిలబడే తూలాడు. బాలప్ప అతని వైపు కాసేపు చూశాడు. తర్వాత బండి చుట్టూ తిరిగి తాడును నొక్కాడు.

“సాగిండాది.”

“నాయనా, అది ప్లాస్టిక్! అది సాగదు!” హేమావతికి ఏడుపొచ్చింది. “నలభై ఏండ్లుగా కలవరిస్తాండావు గదా ఆ చక్రాన్ని! రేపు లారీ ఎక్కిపోతాది. ఈ పొద్దు గూడానా?”

ముడి అప్పటికే ఊడిపోయింది.

“నేనేం చెయ్యాల పెద్దాయనా?” అన్నాడు ఉమేష్ ఆవలిస్తూ.

“కూర్చో. కూర్చోలేకుంటే పండుకో.”

ఉమేష్ సీటు మీద వాలి, కాళ్ళు బయటికి చాపి, ఒక్క నిమిషంలో గురక పెట్టాడు. హేమావతి నాలుగు టీలు తాగింది, ఆ కొండను నలభైసార్లు చూసింది. తొమ్మిది దాటాక ప్లాస్టిక్ తాడూ అయ్యింది, ఉమేష్ నిద్రా అయ్యింది. తర్వాత బండి బాణంలా పోయింది.

మిల్లు చేరేసరికి పది దాటింది. గోడల మీద రావి మొలకలు. కప్పు లేని షెడ్డుల్లో ఆకాశం. ఇంజను గదిలో మాత్రం చక్రం అట్లాగే నిలబడి ఉంది, తుప్పు రంగు చంద్రుడి మాదిరి. బాలప్ప గడప దాటకుండా కాసేపు నిలబడ్డాడు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

వరండాలో ఇరవై మంది దాకా పాతవాళ్ళు, ఎక్కువ మంది ముసలి ఆడవాళ్ళు. ఎన్నేళ్ళకో కలిశారు. కుర్చీలు తక్కువ, మొహమాటం ఎక్కువ. అందరూ నిలబడే ఉన్నారు. వాళ్ళలో మారెమ్మ అనే బోసినోటామె హేమావతి గడ్డం పట్టుకుని, “సావిత్రమ్మ కూతురివి గదే!” అని వదలలేదు.

అందరూ పట్టి తాడును గాడిలో వేసి, గోడ సందులోంచి లాగి, షెడ్డులో ఇరుసు మీది కప్పీకి చుట్టేసరికి పదకొండయ్యింది. బాలప్ప రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని ఉన్నట్టుండి ఆగాడు. తల ఎత్తాడు. చెవి వరండా వైపు వంచాడు. ఇన్నేళ్ళూ ఆయన చెవి పెట్టింది ఈ చోటు వైపే.

అశోక్ గడియారం చూసుకున్నాడు. “తాతా, కంప్రెసరు పన్నెండుకు వెళ్ళిపోవాలి. లేపాక్షి దగ్గర బోరు ఉందట. గంటే ఉంది. ఒక్క ముడి వేసెయ్యండి. ఐదు నిమిషాలు తిరిగితే చాలు గదా.”

గంట. అతుకుకు మూడు గంటలు. ఆ లెక్క అక్కడ హేమావతికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తిరగకుండానే పోతుంది చక్రం. ఆమె తండ్రి పక్కన కూర్చుని మెల్లగా అంది: “ఈ ఒక్కసారికి ముడి వెయ్యి నాయనా. ఎవురూ ఏమనుకోరు. నువ్వు చూడల్ల దాన్ని.”

“ముడి ఎగురుతాది హేమా.”

“ఎగరనీ!”

ఆయన జేబులోకి చెయ్యి పెట్టాడు. మేకు తీశాడు.

అప్పుడు హేమావతి చూసిన చేతులు ఆమెకు తెలిసిన చేతులు కావు. దండెం దగ్గర పేటపేటకూ ఆగి, ఊది, దులిపి, ఎండకు పెట్టి చూసే చేతులు కావు. డెబ్బై ఎనిమిదేళ్ళ వేళ్ళు మగ్గం మీద నాడె మాదిరి ఆడాయి. ఒక పేట వెనక్కి, ఒక పేట లోపలికి, మేకు, బిగింపు. “లాగు,” అంటే ఉమేష్ లాగాడు. “వదులు,” అంటే వదిలాడు. మళ్ళీ మేకు. నలభై ఐదు నిమిషాలకు బాలప్ప చేతులు దులుపుకుని లేచాడు.

“తిప్పండప్పా.”

హేమావతి నోరు తెరిచి గోడగడియారం లేని గోడ వైపు చూసి, ఫోనులో టైము చూసింది. “నాయనా! మూడు గంటలు పడతాది గదా?”

బాలప్ప గ్రీజు డబ్బా మూత కోసం చాలా శ్రద్ధగా వెతుకుతున్నాడు. వరండాలోంచి మారెమ్మ నవ్వింది.

“మూడు గంటలు తాడుకు కాదే పిల్లా, మాకు!”

“మీకా?”

“పైన ఆ మోతలో మా పిల్లోళ్ళ ఏడుపు మాకు యాడ వినపడతాది? ఈయప్ప ఉండేది ఈడ, ఉయ్యాలల పక్కన. పదకొండు అయ్యేసరికి అందురూ ఒకేసారి ఏడుస్తాండ్రి. ఫస్టు నువ్వే. నీ గొంతు మిల్లు కూత మాదిరి ఉన్నె. నువ్వు రాగం ఎత్తుకుంటానే పై షెడ్డు తాడు సాగుతాండె. ఫ్రేములు నిలిచిపోతాండె. మేము దిగొచ్చి పాలిచ్చుకుంటిమి, ఇంత సంగటి తింటిమి, కాళ్ళు చాపుకుంటిమి. ఫోర్‌మన్ గడియారం పట్టుకుని ‘ముడి వెయ్యరా బాలప్పా!’ అని గంతులేస్తాండె. ఈయప్ప చెవిటోని మాదిరి ఒక్కో పేట దువ్వుకుంటా కూర్చుంటాండె.”

“అమ్మకు తెలుసా?”

“మాకందరికీ తెలుసు. మాకు తెలుసని ఈయప్పకే తెలీదు.”

బాలప్పకు మూత దొరికింది. తల ఎత్తకుండానే అన్నాడు: “మారెమ్మా, నీ నోరు మాత్రం సాగిండాది.”

కంప్రెసరు గుర్రుమంది. ఇనుము ఒకసారి మూలిగింది. చక్రం కదలనా వద్దా అన్నట్టు నిలబడి, కదిలింది. తాడు గాడిలో పడి పైకి పోయింది, సందులోంచి షెడ్డులోకి పోయింది. అక్కడ ఏ యంత్రమూ లేదు, ఒట్టి ఇరుసు ఎండలో తిరిగింది. అతుకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ కనిపించలేదు. ఒక్క అదురు లేదు. కిటికీలోంచి చల్లటి గాలి వరండాలోకి వచ్చి, ఉయ్యాలలు లేని దూలాల కింద నిలబడ్డ ముసలి ఆడవాళ్ళ కొంగులను ఊపింది. బాలప్ప చక్రాన్ని చూడడం లేదు. వాళ్ళను చూస్తున్నాడు.

పన్నెండయ్యింది. కంప్రెసరు ఆగింది. చక్రం ఇంకో రెండు చుట్లు తన ఇష్టానికి తిరిగి నిలిచిపోయింది. కంప్రెసరు లారీ లేపాక్షి వైపు పోయింది. “ఇంక పోదామా మే, బస్సుంటాది,” అని ఎవరో అన్నారు. ఎవరికీ పోవాలని లేదు, ఉండడానికి సాకూ లేదు. సంచులు భుజాల కెక్కాయి.

బాలప్ప తాడు దగ్గరికి పోయి బొటనవేలితో నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు.

“సాగిండాది.”

“తాతా!” అశోక్ అదిరిపడ్డాడు. “ఇప్పుడే గదా అతికింది! రేపు పొద్దున విప్పేస్తాం దీన్ని!”

“సాగింది సాగినట్ల పంపిస్తారా అప్పా? మ్యూజియమోళ్ళు ఏమనుకుంటారు?”

“మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“కూర్చో!” అంది మారెమ్మ. అని తనే ముందు కూలబడింది. ఒక్కొక్కరే సంచులు దించి, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపారు. ఎవరిదో సంచిలోంచి బొరుగులు వచ్చాయి, ఇంకెవరిదో సంచిలోంచి వేయించిన చెనక్కాయలు. అశోక్ చేతిలో ఒక పిడికెడు పడింది. అతనూ కూర్చున్నాడు.

హేమావతి తండ్రి పక్కన కూర్చుంది. ఆయన ఇందాక వేసిన అతుకును ఆప్యాయంగా విప్పుతున్నాడు.

“నాయనా, శ్రావణంలో నా మగ్గం తాడు సాగిండెనా నిజంగా?”

“పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డమొస్తాండావు.”

ఆమె జరిగింది. గోడకు వీపు ఆనించి, ఒకప్పుడు తన ఉయ్యాల ఊగిన దూలాన్ని చూస్తూ కాళ్ళు చాపుకుంది.

“ఎంతసేపు పడతాది?”

బాలప్ప మొదటి పేటను ఎండకు ఎత్తి చూశాడు, ఊదాడు, దులిపాడు, మళ్ళీ ఊదాడు.

“మూడు గంటలు,” అన్నాడు.